కిటికీకి కుట్టిన చెయ్యి

కింది వాటా ఆవిడ పాలు పోసే ఆమెతో అందట. పాలు పోసే ఆమె ఆ మాటను తిన్నగా తెచ్చి, గిన్నెలో పాలు వంచుతూ కోడలి చెవిలోనే వేసింది. పై వాటాలో కోడలు ముసలాయన్ని పొద్దున్నే కిటికీ బార్లా తెరిచి చలిగాలికి కూర్చోబెడుతోందట, నిమోనియా వచ్చి లేచిన మనిషని కూడా చూడకుండా. మందు పెట్టి చంపితే పోలీసులొస్తారు గానీ గాలి పెట్టి చంపితే ఎవరొస్తారు అని కూడా అందట. అన్నది తను కాదనీ, ఆవిడేననీ రెండుసార్లు చెప్పి పాలామె మెట్లు దిగిపోయింది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. అసలే గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు. ఆ కిటికీ మూయించడానికి తను పడుతున్న పాట్లు పగవాడికి కూడా వద్దు.

సంగతేమిటంటే, మామగారు ముప్ఫయ్యారేళ్ళు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో లివర్లు లాగిన మనిషి. బండి వస్తోందని కబురందగానే సిగ్నల్ ఇవ్వడం, చివరి పెట్టె దాటిపోయిందని కంటితో చూసుకున్నాకే లివరు వెనక్కి తొయ్యడం. ఉద్యోగం అయిపోయింది, లివర్లు పోయాయి, పద్ధతి మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. ఈ చలికాలం మొదట్లో ఎదుటి చెట్టు మీంచి ఒక ఉడుత కిటికీ గట్టు మీదికి దూకితే ఆయన ఒక వేరుశనగ గింజ అందించాడు. అంతే, మర్నాటి నుంచి అదొక డ్యూటీ. ఏడు కొట్టేసరికి కిటికీ తెరవాలి. ఉడుత వచ్చి, ఆయన చేతిలోంచి గింజ తీసుకుని, దాని తోక కొమ్మల్లో మాయమయ్యేదాకా మూయకూడదు. రైలుకైనా ఒక వేళంటూ ఏడుస్తుంది. ఉడుతకేం, ఒకరోజు ఏడింటికొస్తుంది, ఒకరోజు ఎనిమిదిన్నరకొస్తుంది. అందాకా బయటి మంచుగాలి ఇంట్లోనే కాపురం.

నెలరోజుల క్రితం ఆయనకి నిమోనియా వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కోడల్ని పక్కకి పిలిచి, ఊపిరితిత్తులు ఇప్పటికే సగం పాడయ్యాయనీ, మళ్ళీ చలి పట్టిందంటే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదనీ చెప్పాడు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, తెల్లారకముందే పోతాడు. కాబట్టి ఆ మాట మొయ్యాల్సిన భారం కోడలి నెత్తిన పడింది.

మొదట గింజలు గట్టు మీద పోసి తలుపులు మూసింది. ఆయన లేచి తెరిచాడు. గడియకి గుడ్డ పీలికలు చుట్టి బిగించింది. ఉన్నవి ఆరు పళ్ళే అయినా, ఆయన ఆ ముడులు పళ్ళతో విప్పాడు. కోప్పడింది, బతిమాలింది, ఒక పూట మాట్లాడ్డం మానేసి చూసింది. ఆ పూట ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆయన మెచ్చుకున్నాడు.

"అద్దంలోంచి కనపడట్లేదా మామయ్యా అది?"

"కనపడుతుంది."

"మరింకేం?"

"దానికి నేను కనపడొద్దూ? సిగ్నలివ్వకపోతే బండి బయటే నిలబడిపోతుంది, చలిలో."

"దానికి ఒళ్ళంతా బొచ్చుంది. మీకు నెత్తి మీద కూడా లేదు."

ఆయన బోడి తల తడుముకుని నవ్వాడు. కిటికీ మాత్రం మూయలేదు.

కోడలు ఇంట్లోనే మిషను పెట్టుకుని చలికోట్లు కుడుతుంది. ఇక నోటితో అయ్యే పని కాదని తేలాక, ఇవ్వాల్సిన రెండు కోట్లూ పక్కన పడేసి టేపు తీసుకుని కిటికీ కొలతలు రాసుకుంది. తలుపుల మధ్య జానెడు సందుకి సరిపోయేలా దూది దట్టించిన తెర కుట్టింది. దాని నడుమ, కోటుకి అతికినట్టే, ఒక పొడుగు చెయ్యి అతికింది. మణికట్టు దగ్గర సాగే పట్టీ వేసింది. అందులో చెయ్యి దూర్చితే అరచెయ్యి బయట, మనిషి లోపల. పక్క అద్దంలోంచి ఉడుతని చూసుకోవచ్చు. లావువాళ్ళకి కుట్టింది, గూనివాళ్ళకి కుట్టింది గానీ కిటికీకి కుట్టడం ఆమెకదే మొదలు.

ఆయన కుట్లన్నీ లాగి చూసి, సరే కానియ్యమన్నాడు. మూడు రోజులు ఇల్లు వెచ్చగా ఉంది. ఉడుత ఆ చెయ్యి మీదెక్కి మరీ గింజలు తింది. కోడలు హమ్మయ్య అనుకుని మిషను తొక్కింది.

నాలుగో రోజు పొద్దున ఒక కోటు ఇచ్చి గంటలో తిరిగొచ్చేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. మామగారి ఒంటి మీద శాలువా కూడా లేదు. ఒళ్ళో ఆమె పెద్ద కత్తెర, కాగితం ముక్కయినా తగలనివ్వని కత్తెర. తెరకున్న చెయ్యి మణికట్టు నుంచి భుజం దాకా నిలువునా చీలి ఉంది. లోపలి దూదిని ఆయన పాయలుగా పీకి పళ్ళెంలో పెడుతుంటే, ఉడుత నోట కరుచుకుని చెట్టు తొర్రలోకి మోస్తోంది.

నిన్నట్నుంచీ అది ఆ దూది కోసమే కొరుకుతోందని ఆయన నింపాదిగా చెప్పాడు. దాని పళ్ళు దారంలో ఇరుక్కుంటున్నాయట. ఇది పద్నాలుగో ట్రిప్పట. ఇంకో అయిదారు ఉంటాయట.

కోడలు ఒక్క ఉరుకున అక్కడికి వెళ్ళింది. కిటికీ మూద్దామంటే ఉడుత లోపలుంది, అది బయటికి పోయినప్పుడు మూద్దామంటే ఆయన చెయ్యి అడ్డం పెడుతున్నాడు. శాలువా తెచ్చి ఆయన మెడ చుట్టూ ఉరి బిగించినట్టు చుట్టింది. ఈ భాగోతం తొందరగా తెమిలితే చాలనుకుని, తనే కూర్చుని తను కుట్టిన కుట్లు తనే విప్పి, మిగిలిన దూదంతా ఒక్క ఉండ చేసి పళ్ళెంలో పడేసింది. ఉడుత ఆ ఉండని ఈడ్చలేక గట్టు మీదే చతికిలబడింది. అంత లోడు ఒక్కసారే వేస్తారా అని ఆయన కోడల్నే కసిరాడు. మళ్ళీ విడదీసి పెట్టేసరికి ఇంకో అరగంట.

సాయంత్రానికి దగ్గు మొదలైంది. దీపాలు పెట్టే వేళకి ఒళ్ళు కాలిపోతోంది. కొడుకు డిపో నుంచి వచ్చి, చేతులకి గ్రీజు కూడా కడుక్కోకుండా మంచం పక్కన నిలబడ్డాడు. కోడలు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"నాన్నా, నీకు చెప్పకూడదనుకున్నాం," అన్నాడు కొడుకు. "ఇంకోసారి చలి పడితే మనిషి దక్కడన్నాడు డాక్టరు. ఒక ఉడుత కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"మీ కాళ్ళు పట్టుకుంటాను మామయ్యా," అంది కోడలు. "ఈ చలికాలం పోయేదాకా ఆ కిటికీ మూసుకుందాం."

ముసలాయన మాత్ర మింగి, నీళ్ళ గ్లాసు కింద పెట్టి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నేను పోయాక మూసుకుందురుగాని."