దారం కట్టిన పెన్ను

నేను అనుమానప్పక్షిని. నా ఉద్యోగమే అది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికినందుకు ఆఫీసులో నాకు జీతమిస్తారు. ఇంట్లో అదే పని ఊరికే చేస్తానని మా ఆయన అంటాడు. అలాంటి నేను ఆ శుక్రవారం మధ్యాహ్నం డయాలసిస్ కేంద్రం బుకింగ్ ప్రోగ్రాముకి "పరీక్షించాను, అంతా సరిగా ఉంది" అని సంతకం పెట్టి, కాఫీ తాగి, ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాను. సోమవారం పొద్దున అక్కడి రిజిస్టరు మూసేసి మా ప్రోగ్రాము మొదలుపెడతారు.

ఆ కేంద్రం నాకు పరాయిది కాదు. మా బాబాయికి కిడ్నీలు మొరాయించి మూడేళ్లయింది. వారానికి మూడుసార్లు అక్కడ మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకుని వస్తాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. అందుకే ఈ పని నాకివ్వమని అడిగి మరీ తీసుకున్నాను.

అక్కడ ఉన్నవి ఆరు మిషన్లు. పూటకి ఐదుగురికే ఇస్తారు. ఒకటి, ఏదైనా సరే, ఖాళీగా ఉండి తీరాలి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, ఆయాసంతో ఎవరైనా ఉన్నట్టుండి వస్తే వాళ్లకోసం. పోయినేడు అలా వచ్చింది మా బాబాయే. పిన్ని ఇప్పటికీ ఆ హాల్లోకి వెళ్తే ముందు ఖాళీ మిషను ఏదో చూసుకుని, దాని మీద ఓసారి చెయ్యి ఆనించి, అప్పుడు కూర్చుంటుంది.

కొత్త ఏర్పాటులో రెండు కౌంటర్లు. రెండు చోట్లా ఒకేసారి బుకింగ్ జరగొచ్చు. కాబట్టి నా బల్ల మీద రెండు తెరలు పెట్టుకుని, ఎడమదానికి అక్క, కుడిదానికి చెల్లి అని పేర్లు పెట్టాను. అక్క మూడో మిషను తీసుకుంటున్నట్టు రాసి, ఇంకా ఖాయం చేయకుండా ఆగుతుంది. ఈలోపు చెల్లి అదే మిషను అడుగుతుంది. బుకింగులన్నీ దాచే పట్టిక, అంటే డేటాబేస్, అందులో ఆ మిషను ఉన్న వరసకి తాళం వేసి ఉంచుతుంది కనక చెల్లి ఆగాలి. ఆగింది. అక్క ఖాయం చేస్తే చెల్లికి దొరక్కూడదు. దొరకలేదు. అక్క మనసు మార్చుకుంటే చెల్లికి దక్కాలి. దక్కింది. అక్క సగం రాసిన ముక్క చెల్లి కంట పడకూడదు. పడలేదు. ఐదు మిషన్లు నిండాక ఆరోది అడిగితే ఇవ్వకూడదు. అది మాత్రం అక్క ఒక్కదానితోనే అడిగించాను. ఇవ్వలేదు. మొత్తం నలభై రెండు పరీక్షలు. మా ఇంట్లో నేనూ మా చెల్లీ ఏనాడూ ఇంత బుద్ధిగా మసలుకోలేదు.

శనివారం పొద్దున బాబాయిని కేంద్రంలో దింపి, రిజిస్టరు దగ్గరికి వెళ్లాను. అక్కడ పెద్ద నర్సుని అందరూ సిస్టరమ్మ అంటారు. ఆవిడ రిజిస్టరుకి లావుపాటి నూలుదారంతో ఒక పెన్ను కట్టి ఉంటుంది. జనం పెన్నులు ఎత్తుకుపోతారు కదా, అందుకని కట్టారనుకునేదాన్ని.

ఆవిడ మధ్యాహ్నం పూటకి ఐదో మిషను ఎవరికో రాస్తోంది. ఇంతలో ఇంకో నర్సు ఫోను చెవికి ఆనించుకుని వచ్చింది.

"సిస్టరమ్మా, మధ్యాహ్నానికి రెండోది రాసేస్తున్నా," అంటూ జేబులోంచి తన పెన్ను తీసింది.

"ఆ పెన్ను లోపల పెట్టు. ఇది నా చేతిలో ఉంది, కనబడట్లేదా?"

"మీరు రాసేది ఐదోది కదండీ. నాది రెండోది."

"అయితే ఏంటి? నేను రాయడం అయ్యాక ఈ పెన్ను తీసుకో. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టు. అప్పుడు రాయి."

నర్సు మూతి ముడుచుకుని ఆగింది. పెన్ను చేతికొచ్చాక వేలు పెట్టి లెక్కపెట్టింది. మిగిలింది ఒక్కటే. ఫోనులో ఉన్న మనిషికి సాయంత్రం రమ్మని చెప్పింది.

నా అక్కాచెల్లెళ్లు ఎప్పుడూ ఒకే మిషను కోసం పోట్లాడుకున్నారు. చెరొక మిషనూ అడిగితే ఏమవుతుందో నేను చూడనేలేదు.

"ఈ దారం ఎప్పట్నుంచి ఉంది సిస్టరమ్మా?"

"నాలుగేళ్లయింది. ఒకరోజు ఇద్దరం రెండు పెన్నులతో రాశాం. రెండు ఖాళీలున్నాయి, ఒకటి తీసుకుంటే ఒకటి మిగుల్తుందని ఇద్దరం అనుకున్నాం. ఆరూ నిండిపోయాయి. ఆ పూట ఎవరూ రాలేదు కాబట్టి బతికిపోయాం. మర్నాడు దారం కట్టా."

అక్కణ్నుంచి ఆఫీసుకి ఎలా వెళ్లానో నాకే తెలీదు. ప్రోగ్రాము రాసినతను తన కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. ఏం చెప్పినా "చూద్దాంలే" అనడం అతని అలవాటు. ఆఫీసులో అదే అతని పేరైపోయింది. అతన్ని చెల్లి ముందు కూర్చోబెట్టి, నేను అక్క ముందు కూర్చున్నాను. నాలుగు మిషన్లు నింపి, రెండోదీ ఐదోదీ ఖాళీగా ఉంచాం.

అక్క లెక్కపెట్టింది. రెండు ఖాళీలు. చెల్లి లెక్కపెట్టింది. రెండు ఖాళీలు. అక్క రెండోది తీసుకుంది, చెల్లి ఐదోది తీసుకుంది. వరసలు వేరు కాబట్టి ఏ తాళమూ అడ్డు రాలేదు. ఒకరు రాసింది ఖాయమయ్యేదాకా ఇంకొకరికి కనబడదు. నేను మెచ్చుకుని సంతకం పెట్టిన గుణమే అది. ఇద్దరమూ ఖాయం చేశాం. ఆరూ నిండిపోయాయి. ఎవరూ అబద్ధం చూడలేదు, ఎవరూ నియమం తప్పలేదు, కానీ ఆయాసంతో వచ్చేవాడికి మాత్రం మిషను లేదు. పదిసార్లు చేశాం. పదిసార్లూ అంతే.

"ఇద్దరూ ఒకే క్షణంలో అడగాలి కదా. ఏడాదికోసారి జరుగుతుందేమో," అన్నాడు చూద్దాంలే.

"మా బాబాయి కూడా ఏడాదికోసారే అలా వచ్చాడు."

అతను నావంక చూశాడు. తన పేరు నిలబెట్టుకునే మాట ఈసారి అనలేదు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

నేను మేనేజరుకి ఫోను చేశాను. పెట్టిన సంతకం వెనక్కి తీసుకోవాలంటే తల కొట్టేసినట్టుంటుంది. అదీ, ఊరందరి తప్పులూ పట్టే మనిషికి.

"నిన్న అంతా బాగుందన్నారు కదమ్మా," అన్నాడాయన.

"నిన్న తప్పు చెప్పానండి. బాగాలేదు. నా సంతకం కొట్టేయండి."

"రేపు సాయంత్రంలోగా సరిచేయగలిగితే సరే. లేకపోతే సోమవారం ఆపేద్దాం," అన్నాడు.

సిస్టరమ్మ దారాన్నే డేటాబేస్‌లో కట్టాం. ఒక్కో పూటకి ఒక్కో వరస. ఏ మిషను కావాలన్నా ముందు ఆ పూట వరసకి తాళం వేసుకోవాలి. మొదటి కౌంటరు ఖాయం చేసేదాకా రెండోది ఆగాలి. చూద్దాంలే గంటలో రాసేశాడు. పరీక్షించాం. మళ్లీ ఆరూ నిండాయి.

నాకు ఏడుపొక్కటే తక్కువ. వాక్యం వాక్యం చదివించాను. అతను ముందు ఖాళీలు లెక్కపెట్టి, తరవాత తాళం వేస్తున్నాడు. తాళం కోసం ఆగినంతసేపూ చెల్లి చేతిలో ఉన్నది పాత లెక్క.

"ముందు పెన్ను, తరవాత లెక్క," అన్నాను.

"ఏ పెన్ను?"

చెప్పాను. నవ్వాడు. రెండు వాక్యాల వరస మార్చాడు. ఈసారి చెల్లి ఆగింది, తాళం దొరికాక కొత్తగా లెక్కపెట్టింది, ఒక్కటే మిగిలిందని చూసి వెనక్కి తగ్గింది. ఆదివారం మధ్యాహ్నం దాకా తిప్పి తిప్పి అడిగాం, వందల సార్లు. ఒక్కసారి కూడా ఆరోది పోలేదు. నలభై మూడో పరీక్ష అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టాను. ఈసారి ఈల వేయలేదు.

సోమవారం పది గంటలకి బాబాయి ఫోను చేశాడు.

"నీ కంప్యూటరు నన్ను కాదందిరా తల్లీ."

"ఏమైంది బాబాయ్?"

"మధ్యాహ్నం మీ పిన్నిని కళ్ల డాక్టరుకి చూపించాలి కదా. నా పూట పొద్దున్నకి మార్చమని అడిగా. రెండు ఖాళీలున్నాయంది ఆ అమ్మాయి. పేరు కొడుతుంటే తెర కాసేపు కదల్లేదు. తీరా చూస్తే పక్క కౌంటర్లో ఎవరికో రాశారట. ఇంక ఈ పూటకి ఇవ్వడానికి లేదంది."

ప్రోగ్రాము పనిచేసింది. మొట్టమొదట వెనక్కి పంపింది నన్ను పెంచిన మనిషిని. సంతోషమూ బాధా రెండూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి.

"కోపమొచ్చిందా బాబాయ్?"

"వచ్చింది, ఎందుకు రాదూ. మీ అమ్మాయి చేసిన ప్రోగ్రామేగా, మీకే ఇవ్వదేం అని మీ పిన్ని కూడా దెప్పింది. తరవాత ఇద్దరం లోపలికెళ్లి చూశాం. ఆ ఒక్క మిషనూ ఖాళీగా ఉంది. మంచం మీద దుప్పటి మడత కూడా విప్పలేదు. మీ పిన్ని దానిమీద చెయ్యి ఆనించి, ఇంక పదండి, డాక్టరుకి రేపు చూపించుకుంటానంది."