పడమటికి తిరిగిన బల్ల

బస్సు దిగిన దగ్గర్నుంచి నిచిపార్ కళ్ళు ఆకాశం మీదే ఉన్నాయి. నవంబరు మబ్బు తడిసిన దుప్పటిలా పొలాల మీదికి వాలి ఉంది. ఇంకో రెండు గంటలు అలాగే ఉండాలని లోలోపల మొక్కుకున్నాడు. ఎండ రాకపోతే చాలు, అక్కకి తెలియదు.

"ఏంట్రా, మెడ పట్టేసిందా? పైకే చూస్తున్నావు," అంది అక్క ప్రస్కోవ్య.

"వాన పడుతుందేమోనని."

"పడితే తడుస్తాం. ఇప్పుడు నాకు జలుబు చేస్తే కొత్తగా పోయేదేముంది?"

ఆవిడకి డెబ్బై ఎనిమిది. చలికాలం దాటదని డాక్టరు తమ్ముణ్ణి పక్కకి పిలిచి చెప్పాడు. తలుపవతల నిలబడి ఆవిడ కూడా విన్నది. ఏడవలేదు. "పెద్దల శనివారం వస్తోందిగా, ఆ రోజు మన ఇంటికి తీసుకెళ్ళు," అంది.

పెద్దల శనివారం చచ్చిపోయిన వాళ్ళు భోజనానికి ఇంటికొస్తారు. పేరుపేరునా పిలిచి వాళ్ళ వంతు వాళ్ళకి తీసిపెట్టాలి. ఇన్నేళ్ళూ ఆ పిలుపు ఆవిడదే, ఒక్క పేరూ తప్పలేదు. వచ్చే ఏడు పిలిచే వైపు కాదు, వచ్చే వైపు ఉంటుంది. ఎక్కడికి రావాలో కళ్ళారా చూసుకోవాలని ఆవిడ పట్టు.

ఊళ్ళో ఇల్లు లేదు. ఊరే లేదు, చిట్టడవి కమ్మేసింది. పన్నెండేళ్ళ కిందట మ్యూజియం వాళ్ళు ఆ ఇంటిని దుంగ దుంగా విప్పి, లారీల మీద తెచ్చి ఇక్కడ, తమ ఆవరణలో మళ్ళీ నిలబెట్టారు. నిచిపార్ వడ్రంగి. ప్రతి దుంగకీ గొడ్డలితో గాట్లు పెట్టి లెక్క తప్పకుండా తిరిగి పేర్చింది అతనే. తనని అడక్కుండా ఇల్లు ఇచ్చేశాడని అక్క అప్పట్లో రెండేళ్ళు మాట్లాడలేదు. ఇటు వైపు రానేలేదు.

బురద దారిలో నాలుగు అడుగులకొకసారి ఆగుతూ నడిచింది. గాలిమర దాటాక, ఇంటి ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"మన ఇల్లే. కిటికీ చెక్కల మీద నాన్న చెక్కిన కోడిపుంజులు కూడా ఉన్నాయి," అంది. గొంతు మెత్తబడింది. నిచిపార్ మళ్ళీ ఆకాశం వైపు చూశాడు.

లోపల కాపలా మనిషి తాదోర పొయ్యి పక్కన బల్లపీట మీద కూర్చుని మేజోడు అల్లుతోంది. కుట్టుపని చేసిన పాతకాలపు చొక్కా, దాని మీద మందపాటి కోటు.

"తాడు దాటకండి అవ్వా. బల్ల దగ్గరికి ఎవరినీ వెళ్ళనివ్వం."

"ఆ బల్ల మీదే నాకు పాల పళ్ళు ఊడాయే. నీ తాడుకి నన్ను ఆపేంత వయసుందా?"

తాదోర నిచిపార్ వైపు చూసింది. ఇల్లు నిలబెట్టిన మనిషిగా అతను ఆమెకి తెలుసు. మళ్ళీ ముసలావిడ చేతిలోని మూట చూసింది. ఏ రోజో గుర్తొచ్చినట్టుంది, లేచి కొక్కెం నుంచి తాడు తప్పించింది.

"కానివ్వండి. మా అమ్మ వంతూ నేను ఇంటికెళ్ళి తీసిపెట్టాలి. పిల్లల బస్సు వచ్చేలోగా కానిచ్చెయ్యండి, లేకపోతే నన్ను తిడతారు."

ప్రస్కోవ్య దేవుడి మూలలో పటం కింద కూర్చుంది. మూట విప్పింది. తేనె కలిపిన బార్లీ అన్నం, నాలుగు అట్లు, ఉడికించిన బఠానీలు. ఖాళీ గిన్నె ఒకటి పక్కన పెట్టింది. ఒక్కో దాంట్లోంచి మూడు చెంచాలు తీసి అందులో వేసింది. ఒక్క మెతుకూ కింద పడలేదు. నిచిపార్ టోపీ తీసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తాతా అంతోన్, రా. నాయనమ్మా ఖ్రిస్తినా, రా. నాన్నా, నువ్వూ రా..."

అప్పుడు మబ్బు విడింది.

పొయ్యి పక్కనుండే చిన్న కిటికీలోంచి పల్చటి పొద్దుటి ఎండ లోపలికొచ్చి పొయ్యి మొహం మీద పడింది. ఆ ఇంట్లో ఎవ్వరూ ఎన్నడూ చూడని ఎండ అది. ఊళ్ళో ఉన్నప్పుడు పొయ్యిది ఎప్పుడూ చీకటి మొహమే. ఎండ వస్తే దేవుడి మూలకే వచ్చేది, పొద్దున్నే బల్ల మీదికి, అమ్మ తలగుడ్డ మీదికి. ఇప్పుడు బల్ల నీడలో ఉంది.

ప్రస్కోవ్య "అమ్మా" అనబోయి ఆగిపోయింది. కిటికీ చూసింది. పటం చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది.

"ఇల్లు తిప్పేశారు."

నిచిపార్ టోపీ మళ్ళీ పెట్టుకోబోయి ఆగాడు.

"దేవుడి మూల పొద్దు గుంకే వైపుంది. నీకు తెలుసు."

"తెలుసు."

"పునాది రాళ్ళు ఎవరు పాతారు?"

"నేనే."

తాదోర అల్లిక ఆపింది.

"చెక్కిన కిటికీలు దారి వైపు కనపడాలన్నారు మ్యూజియం వాళ్ళు," అన్నాడు నిచిపార్. ఒక్కో మాటా దుంగ దించినట్టు దించుతున్నాడు. "కాదంటే పక్కింటి యాజెప్ ఇల్లు తీసుకుంటామన్నారు. మనది అక్కడే పుచ్చిపోయేది."

"యాజెప్ ఇల్లా?" ప్రస్కోవ్య నవ్వింది. నవ్వు దగ్గైంది. "మనది పోయి వాడిది నిలబడుతుందని మన పెద్దల బల్లని పడమటికి తిప్పావా? బల్ల తూర్పున పెడితే రమ్మన్నట్టు. పడమట పెడితే పొమ్మన్నట్టు. పన్నెండేళ్ళుగా అమ్మ ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోందేమో."

"ఇల్లు నిలబడాలనుకున్నానక్కా. ఇంకేం అనుకోలేదు."

"ఇల్లు నిలబడింది. అవును."

తీసిపెట్టిన వంతు మళ్ళీ మూట కట్టకూడదు, చెట్టు మొదట్లో పారబోయకూడదు. అది నిచిపార్‌కి తెలుసు, తాదోరకీ తెలుసు. ఇద్దరూ ఆవిడ ఏం చేస్తుందా అని చూస్తున్నారు.

ప్రస్కోవ్య పెద్దల గిన్నె తన ముందుకి లాక్కుంది. చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది. మూడు వారాలుగా పాలు తప్ప ఏమీ దిగని మనిషి. నమిలి, ఆగి, మింగి, మళ్ళీ నమిలింది. తాదోర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవ్వా, అది వాళ్ళ వంతు. బతికున్నవాళ్ళు తినకూడదు."

"నేనెన్నాళ్ళుంటానమ్మా. చచ్చినవాళ్ళకీ నాకూ కొద్ది తేడాలే."

నిచిపార్ ఒకడుగు ముందుకేశాడు. ఆవిడ చెంచా ఎత్తి ఆగమంది. అడుగున బార్లీ గింజలు కూడా గీకి తినేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. ఎండ మళ్ళీ మబ్బులోకి పోయింది.

గిన్నె బోర్లించింది.

"నా వంతు తినేశాను. వచ్చే ఏడు నాకు తీసిపెట్టకు, పిలవకు. ఈ ఇంటికీ రాను, ఆ అడవికీ రాను."

"అక్కా, మరి ఎక్కడికి..."

"ఎక్కడికీ రాను."

బయట బస్సు ఆగింది. పిల్లల గోల లోపలికొచ్చింది. ఎర్ర టోపీ పిల్ల ఒకత్తి గుమ్మంలో నిలబడి ప్రస్కోవ్యని వేలితో చూపించింది.

"టీచర్, ఈ అవ్వ బొమ్మా, నిజంగా మనిషా?"

"మనిషేనమ్మా, లేస్తున్నాను," అని ప్రస్కోవ్య బల్ల పట్టుకుని లేచింది. నిచిపార్ చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి చూసి, గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. ఆ గోడ దుంగల మీద అతను పెట్టిన గాట్లు వరసగా ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. అతను చెయ్యి దించుకుని ఆవిడ వెనకాలే బురదలోకి దిగాడు.