క్షమాపణ కింద పేరు

సాఫ్ట్‌వేర్ కంపెనీలు కాలేజీల గేట్ల ముందు వరస కట్టిన రోజులవి. అలాంటప్పుడు ఎంసీఏ చదువుతూ కల్పలతకు పత్రిక పిచ్చి పట్టింది. యూనివర్సిటీలో జరిగేది జరిగినట్టు రాయాలి. కాగితం మీద వేస్తే గేటు దగ్గరే చింపేస్తారు కనుక ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుంది. రాయడం ఆమె వంతు, సైటు నడపడం సాయిబాబు వంతు. సాయిబాబు ఫైనలియరు. వాళ్ళ కుటుంబం శ్రీకాకుళం నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడింది. క్లాసులయ్యాక ఇద్దరూ కార్ఖానా ఏరియాలోని ఒక నెట్ సెంటర్లో పక్కపక్కన కూర్చుని పనిచేసేవారు.

‘మన మాట’ అని పేరు పెట్టారు. మెస్సు అన్నంలో పురుగుల గురించి, ఎప్పుడూ తాళమే ఉండే లైబ్రరీ గురించి రాశారు. ఆరు నెలలు తిరిగేసరికి పిల్లలు ల్యాబులోకి రాగానే ముందు దాన్నే తెరిచేవారు. కల్పలత రాసిందంటే నిజమేనన్న పేరు వచ్చింది.

జనవరిలో ఆడపిల్లల హాస్టల్లో కామెర్లు మొదలయ్యాయి. నలుగురు మంచం పట్టారు. వైరల్ జ్వరమని వార్డెను నోటీసు అంటించింది. మొదటి ఏడాది చదివే దేవకృప కల్పలతను వెనకవైపుకు తీసుకెళ్ళి చూపించింది. తాగునీళ్ళ సంపు పక్కనే మురుగు పైపు పగిలి ఉంది. కల్పలత సీసాలో నీళ్ళు పట్టి, పరీక్ష చేయించింది. మురుగు కలిసిందని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టుతో సహా తన పేరు పెట్టి వార్త వేసింది. ఆ రోజు నుంచే పిల్లలు హాస్టలు నీళ్ళు ముట్టడం మానేసి, గేటు బయటి హోటల్ నుంచి బిందెలతో మోసుకోసాగారు.

రిజిస్ట్రారు కల్పలతను ఒక్క మాట కూడా అనలేదు. ఫైనలియరు వాళ్ళను పిలిచి, ఉద్యోగాలివ్వడానికి రావలసిన కంపెనీ ఈ వార్త చూసి ఇంటర్వ్యూలు వాయిదా వేసిందని మాత్రం చెప్పాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో సాయిబాబు క్లాసుమేటు కిషన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా, మా నోట్ల మన్ను కొట్టినవ్? జెర ఆగి రాస్తే నీదేం పోతుండె?"

"నీళ్ళల్ల మురుగున్నది కిషనన్నా."

"ఉంటే కాగబెట్టుకుంటరు. నౌకరీ కాగబెడితే వస్తదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నిన్నటిదాకా ఆమె రాసింది చదివి భుజం తట్టినవాళ్ళే. సాయిబాబు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ల్యాబులో సైటు తెరిస్తే వార్త లేదు. ఆ చోట నాలుగు వాక్యాలున్నాయి. ‘హాస్టలు నీళ్ళ గురించి రాసింది నిరాధారం. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అందరూ నిరభ్యంతరంగా తాగవచ్చు. నా తొందరపాటుకు క్షమించండి.’ కింద ‘కల్పలత’ అని ఉంది. ఆమె పాస్‌వర్డ్ కొడితే సైటు తీసుకోలేదు.

సాయిబాబు పార్కింగ్ దగ్గర దొరికాడు.

"వార్త తీసేసినవ్, సరే. నా పేరెందుకు వెట్టినవ్?"

"నువ్వు చెప్తేనే నమ్ముతారని రిజిస్ట్రార్ గారన్నారు. నన్నేటి చెయ్యమంటావు కల్పా? ఈ కంపెనీ పోతే మళ్ళీ ఎప్పుడొస్తాదో ఏటో. రెండు వారాలాగు. ఇంటర్వ్యూలు అయిపోనీ, నా చేత్తోనే మళ్ళీ ఎక్కిస్తాను."

కల్పలత తిట్టాల్సినవన్నీ తిట్టింది. కానీ హాస్టలుకు వెళ్ళి నిజం చెప్పలేదు. ఒళ్ళంతా మండిపోతూ మౌలాలిలోని తన ఇంట్లో కూర్చుంది. కళ్ళారా చూసిన పిల్లలు మళ్ళీ ఆ నీళ్ళు తాగుతారా, ఎవరికైనా ఆ మాత్రం తెలియదా అనుకుంది. రెండు వారాలే కదా అని కూడా అనుకుంది.

ఇంటర్వ్యూలు జరిగాయి. సాయిబాబు, కిషన్ ఇద్దరూ సెలెక్టయ్యారు. స్వీట్లు పంచారు. వార్త మాత్రం తిరిగి ఎక్కలేదు. ఆ వారంలోనే దేవకృపను ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది.

కల్పలత వెళ్ళేసరికి దేవకృప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అలికిడికి ఇటు తిరిగితే కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. తల్లి ఆలిస్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"బయటి నీళ్ళే తాగుతుంటిమి అక్కా. మంచిగున్నయని నువ్వు రాసినంకనే మోసుడు బంజేసినం."

"అది నేను రాయలే దేవా."

"కింద నీ పేరుండె గద."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కల్పలతకు కాస్త నయంగా ఉండేది.

"ఎవరు రాస్తే ఏందమ్మా," అంది ఆలిస్. "పిల్లను పండుకోనియ్యి."

బయటికొచ్చి సాయిబాబుకు ఫోన్ చేసింది. ఆఫర్ లెటరు చేతికొచ్చాక చూద్దామన్నాడు. ఆ తర్వాత ఆమె నంబరు చూసి ఎత్తడం మానేశాడు.

మర్నాడు కల్పలత చార్టు మీద స్కెచ్ పెన్నుతో ‘ఈ నీళ్ళు తాగకండి, క్షమాపణ నాది కాదు’ అని పెద్దక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి హాస్టలు గేటుకు అంటించింది. నలుగురు పిల్లలు ఆగి చదివారు. అందులో ఒకమ్మాయి చేతిలో నింపిన సీసా ఉంది.

"మొన్న తాగొద్దంటిరి, నిన్న మంచియంటిరి, ఇయ్యాల మళ్ళ వద్దంటున్నరు. మీ మాటెట్ల నమ్మాలె?" అని, ఆమె జవాబు కోసం ఆగకుండా మూత తిప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.