ఏడో కాగితం

నాలుగో డ్రమ్ములోకి పొట్లం వంచేసి, ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పని అంగీ ఎడమ జేబులో వేసుకుంటుండగా తూకం తాత ఫోను మోగింది. నిండు పొట్లం కుడి జేబులో, ఖాళీ కాగితం ఎడమ జేబులో. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. ఇంట్లో అన్నం తిన్నాక కంచాన్ని కూడా మడిచి ఎడమ జేబులోనే వేసుకుంటాడని నీళ్ళు పట్టే అక్క ఆటపట్టిస్తుంది. ఆ అక్క అప్పుడు పంపు దగ్గర ఉంది.

తాత చేతి తొడుగు విప్పి ఫోను ఎత్తాడు. కూతురు. పొద్దుటి మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నానన్నాడు. కిందటి వారం ఒకేరోజు రెండుసార్లు మింగేశాడని డబ్బా తన దగ్గరే దాచుకుని, రోజుకొకటి చేతికిచ్చి పంపుతోంది. పని మానెయ్యమని పోరుతోంది. తల మరిచినా తన చేతులు మరిచిపోవని ఆయన ధీమా.

ఆయన తూచేది సెలీనియం ఉప్పు. ఇక్కడి నేలలో అది లేదు. గోధుమ వెన్ను తీసే వేళకు నీళ్ళలో కలిపి పైరు మీద చల్లితే గింజలోకి చేరుతుంది, తిన్నవాళ్ళకు మేలు చేస్తుంది. మోతాదు మించితే మాత్రం జుట్టు రాలుతుంది, గోళ్ళు పెళుసెక్కి ఊడిపోతాయి. ఈసారి పిండి బడిపిల్లల రొట్టెలకు వెళ్తుందని తెలిసిన దగ్గర్నుంచి తాత కళ్ళలో వత్తులు వేసుకుని తూస్తున్నాడు. ముల్లు గీత మీద నిలిచాకే పొట్లం కట్టి, డ్రమ్ములో వంచి "చాలు" అంటాడు. ఆ మాట వినపడందే అక్క నీళ్ళు వదలదు.

ఫోను పెట్టేసి, తొడుగు వేసుకుని, తాత త్రాసు ముందు కూర్చున్నాడు.

ఒక పొట్లం తూచి, డ్రమ్ములో వంచి, "చాలు" అన్నాడు. అక్క నీళ్ళు వదిలింది.

సాయంత్రం ఆనాటి పిచికారీ ముగిశాక ఎడమ జేబు బల్ల మీద ఖాళీ చేశాడు. మడికొకటి చొప్పున డ్రమ్ములు ఆరు, కాగితాలు ఏడు. మూడుసార్లు లెక్కపెట్టినా ఏడే. నాలుగో డ్రమ్ము దగ్గర మోగిన ఫోను గుర్తొచ్చింది.

ఒక్క కాగితం నలిపి పారేస్తే ఎవరికీ తెలియదు, పనీ పోదు. తాత దాన్ని గుప్పిట్లో బిగించాడు. తర్వాత పొలం ఆఫీసరమ్మ గదిలోకి వెళ్ళి బల్ల మీద పెట్టాడు.

"నాలుగో మడికి రెండుసార్లు పడింది మేడమ్."

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్ళేదు. నాకే గుర్తు లేదు."

ఆమె ఆయనకు కుర్చీ చూపించింది. నాలుగో మడి కోసి పూడ్చెయ్యాలని, పశువులకు కూడా వెయ్యకూడదని రాసింది. రాసి, కలం పక్కన పెట్టింది.

"తాతా, రేపట్నుంచి మీరు..."



"చాలు మేడమ్" అన్నాడు తాత.

గేటు వైపు నడుస్తూ నాలుగో మడి దగ్గర ఆగాడు. మిగతా మడులలాగే పచ్చగా, ఏ పాపం ఎరగనట్టు ఊగుతోంది. అప్పుడు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని కూతురికి ఫోను చేసి, మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తు లేదని మొదటిసారి నిజం చెప్పాడు.

మర్నాడు తూకం బల్ల దగ్గర కొత్తమనిషి కూర్చున్నాడు. ఉప్పు తూచి, ఏమీ అనకుండా డ్రమ్ములో వంచాడు. అక్క కుళాయి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. గోడ మేకుకు తాత పని అంగీ వేలాడుతోంది, ఇన్నేళ్ళ కాగితాలకు సాగిపోయిన ఎడమ జేబు ఖాళీగా నోరు తెరుచుకుని.