పక్కకి జరిపిన పళ్ళెం

దానియేలు కొబ్బరికాయని నేలలో పాతిన గునపం మొన మీద గుచ్చి ఒక్క విరుపు విరిచాడు. పైనున్న పీచు డొక్క చీలింది. కాయ తిప్పి ఇంకో విరుపు, మళ్ళీ తిప్పి మూడోది. ఒలిచిన కాయ కుడిపక్క గుట్టలోనూ, డొక్క ఎడంపక్క గుట్టలోనూ పడ్డాయి. మలికిపురం దాటాక కాలవ వారనున్న కొబ్బరి డిపోలో నలభై ఏళ్ళుగా అతని పని ఇదే. పొద్దున్న ఆరింటికి నడుం వంచితే మళ్ళీ పన్నెండింటికే ఎత్తడం.

మనిషి పొట్టి. కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికుంటుంది. అరచేతులు డొక్క రసానికి నల్లబడి ఏ సబ్బుకీ లొంగకుండా తయారయ్యాయి. పెళ్ళినాడు ఆ చేతులు చూసి, పెళ్ళికొడుకు చేతులు కడుక్కోకుండానే వచ్చేశాడని అతని భార్య చిన్నమ్మలు వాళ్ళమ్మ చెవిలో చెప్పిందట. ఆ మాట తలుచుకుని ఇప్పటికీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంది. ఊళ్ళో దానియేలు గురించి చెప్పుకునే ముచ్చట అదొక్కటే ఉండేది, మొన్న ఎండాకాలం దాకా.

ఆ ఎండాకాలం రాజోలులో మూడు రోజులు సభలు జరిగాయి. ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. తెల్ల సూటు, ఉరిమే గొంతు. విశ్వాసి అన్నవాడు చచ్చేలోగా క్రీస్తంతటివాడు కావాలి, కాకపోతే వాడి నమ్మకం ఉత్తదే అన్నాడు. "అయినవాళ్ళు చేతులెత్తండి!" అని మైకులో అరిస్తే పందిట్లో పదిమంది ఠకీమని ఎత్తేశారు. వాళ్ళలో ఇద్దరి సంగతి దానియేలుకి బాగా తెలుసు. అయినా నవ్వు రాలేదు, పిచ్చి మారాజు. తన నల్లటి చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళలో తనకి ఒక్క దర్శనం రాలేదు, ఒక్క స్వరం వినబడలేదు. ప్రార్థనలో మోకరిస్తే వచ్చేది నిద్రే.

సరే, నలభై రోజులు ఉపవాసం ఉందామనుకున్నాడు. ఉన్నవాడు ఇంట్లో కూర్చోవచ్చు కదా! పగలంతా మంచినీళ్ళ మీద కాయలు ఒలిచాడు. పదకొండో రోజున కళ్ళు తిరిగి కాయ జారింది. గునపం మొన ఎడం అరచేతిలో దిగింది. అందరూ హాహాకారాలు చేస్తుంటే దానియేలు మాత్రం ఆ రక్తం కేసి చూస్తూ, "వచ్చేసింది రాజూ! ఆయన గుర్తు వచ్చేసింది!" అన్నాడు. పక్కన ఒలుస్తున్న ముత్యాలరాజు అతన్ని మోపెడ్ మీద పడేసి ఇంజక్షనుకి తీసుకెళ్ళాడు. మూడో రోజుకి గుర్తు కాస్తా చీము పట్టింది.

"ప్రభువుకి రెండు చేతులకీ రెండు కాళ్ళకీ మేకులు కొట్టేరు. నీకేమో ఒక్కటే, అదీ ఎడం చేతికి. మిగతావి ఎప్పుడు కొట్టుకుంటావు, చెప్పు, ఆ పూటకి గంజి కాసి ఉంచుతాను," అంది చిన్నమ్మలు కట్టు కడుతూ. తిట్టింది గాని, గోడవైపు తిరిగి ఏడిచింది కూడా.

దెబ్బ మానింది. లోపలి బెంగ మానలేదు. వాళ్ళ మందిరంలో పాస్టరుండడు. ఆదివారం అందరూ చుట్టూ కూర్చుంటారు, మధ్యన బల్ల, దాని మీద రొట్టె, ద్రాక్షరసం. సహోదరుల్లో ఎవరికి మనసైతే వాళ్ళు లేచి ప్రార్థించి రొట్టె విరుస్తారు. విరిచిన పళ్ళెం చేతులు మారుతూ వస్తుంది. క్రీస్తుని తలుచుకుంటూ అలా తినడాన్నే బల్ల తీసుకోవడం అంటారు. దానియేలు ఎన్నడూ లేచి విరిచినవాడు కాదు. కనీసం తినేవాడు. ఇప్పుడు మూడు నెలలుగా పళ్ళెం రాగానే అంచు తాకి పక్కవాడి వైపు జరిపేస్తున్నాడు. తగని నోటితో తింటే శిక్షంటారు మరి. మందిరం పెద్ద కిందటివారం పిలిచి మెల్లిగా చెప్పాడు: "వచ్చే ఆదివారం కూడా జరిపేస్తే సంఘంలో అందరి ముందూ అడగాల్సొస్తాది దానియేలూ." ఆ ఆదివారం రేపే. తిందామంటే భయం, మానేద్దామంటే సిగ్గు. రాత్రి అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

పన్నెండైంది. ముత్యాలరాజు తువ్వాలు దులుపుకుంటూ, "రేపు తినేయరా బాబూ. మా గుళ్ళో ప్రసాదం పెడితే నేనెప్పుడైనా ఇంతాలోచించేనా?" అన్నాడు.

"మాది అలాగ్గాదురా రాజూ," అని దానియేలు సైకిలెక్కాడు.

మధ్యాహ్నాలు అతను ఇంటికి వెళ్ళడు. కాలవ అవతల తాతాజీ మేస్టారింటికి వెళ్తాడు. మేస్టారు బడిలో పాఠాలు, మందిరంలో వాక్యం, రెండూ నలభై ఏళ్ళు చెప్పినాయన. పదకొండు నెలల కిందట పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. కూతురు ఎలీసమ్మ అంగన్‌వాడీ నుంచి మూడింటికి గాని రాదు. ఈలోగా ఆయన్ని పక్కకి తిప్పాలి, తుడవాలి, వీపుకి పౌడరు వెయ్యాలి. ఎవరూ చెయ్యమనలేదు. మొదటిరోజు చూడ్డానికని వెళ్ళి, పక్కగుడ్డ తడిసి ఉంటే మార్చాడు. మర్నాడు కూడా తడిసే ఉంటుంది కదా అని వెళ్ళాడు. అంతే, అలా అలవాటైపోయింది.

దారిలో టీకొట్టు దగ్గర ఒక బన్ను, కవర్లో టీ పార్సిలు తీసుకున్నాడు. మేస్టారికి అన్నం దిగడం మానేసి వారమైంది. టీలో ముంచిన బన్నయితే రెండు ముక్కలు మింగుతారు.

మేస్టారు మేలుకునే ఉన్నారు. ఎముకల గూడు, మీద దుప్పటి. దానియేలు తుడిచి, పక్కకి తిప్పి, దిండు ఆన్చి కూర్చోబెట్టాడు. టీ గ్లాసులో పోసి స్టూలు మీద పెట్టాడు. మూడు నెలలుగా అడుగుదామనుకుంటున్న మాట ఇవాళ అడక్కపోతే ఇంక లేదు.

"మేస్టారండీ, ఒక మాటడుగుతాను, ఏవనుకోకండి. మనలాంటోళ్ళం ఆయనంతటోళ్ళం అవ్వడవనేది... ఉంటదాండీ?"

మేస్టారు దానియేలు వైపు మొహం తిప్పారు. నోరు ఒకవైపు వంకరగా ఉండడంతో మాట ముద్దగా వచ్చింది.

"నలభై ఏళ్ళు అదే చెప్పేను కదరా, అవ్వాలని."

"ఆయ్."

"నేనవ్వలేదు." ఆయన ఎడమకంట్లోంచి నీరు కారింది. "బెత్తంతో కొట్టిన పిల్లల మొహాలే గుర్తొస్తున్నాయి దానియేలూ. ఆయన ముందు నిలబడి ఏం చూపిస్తాను? భయవేస్తోందిరా."

నీళ్ళకని బిందె పట్టుకొస్తే బావిలోనే లేవంటే ఎలా? మేస్టారే ఇలా అంటే దానియేలు గతేమిటి? కానీ ఎదురుగా పెద్దాయన ఏడుస్తున్నారు, ముందు ఆయన్ని ఊరుకోబెట్టాలి. ఏదో ఒకటి చెప్పాలి. దానియేలుకి కొబ్బరికాయలు తప్ప ఇంకేం తెలుసు?

"ఊరుకోండి మేస్టారూ. ఎండుకొబ్బరి కురిడీకని కాయలు అటకెక్కిస్తాం కదండీ, డొక్కతోనే, ఏడాది పాటు. ఎక్కించిన్నాడు ఎలాగుంటదో దింపిన్నాడూ పైకలాగే ఉంటది. లోపల నీళ్ళింకిపోయి, కొబ్బరి టెంకని వదిలేసి విడిగా అయిపోద్ది. అది కాయకి తెలుస్తాదేటండీ? దింపి చెవి దగ్గరెట్టుకుని ఊపేవోడికి ఆ గలగలలో తెలుస్తాది. నలభై ఏళ్ళైంది నేనీ పనిలోకొచ్చి. నేనయిపోయేనని చెప్పిన కాయ ఒక్కటీ తగల్లేదండి."

అనేశాక దానియేలుకి తన మాట తనకే వినబడింది. పందిట్లో లేచిన పది చేతులూ గుర్తొచ్చాయి. అరె, ఇంతేనా! మూడు నెలలుగా తనని తనే చెవి దగ్గర పెట్టుకుని ఊపుకుంటున్నాడు, ఏ కాయ చేస్తుందా పని? నెత్తిమీది గోనెమూట దింపినట్టయి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. కడుపులో ఆకలి కూడా తెలిసింది.

మేస్టారు మాత్రం మేస్టారే, ప్రశ్న వదల్లేదు. "మరి కురిడీ అవ్వని కాయల సంగతి?"

"ఉంటాయండీ. అదీ ఊపేవోడే చూసుకుంటాడు. అటక మీదున్నంతసేపూ మన పని పడుకోవడవేనండీ."

"పడుకునే ఉన్నాను కదరా పదకొండు నెల్లనించీ!" అన్నారు మేస్టారు. అని, వంకర నోటితోనే నవ్వారు. దానియేలూ నవ్వాడు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

నవ్వు తగ్గాక మేస్టారు కళ్ళతో బన్ను చూపించారు. "విరుచు."

"బల్ల రేపు కదండీ. ఇది బన్నండీ."

"తెలుసు. రేపటిదాకా ఆగలేను. మనిద్దరం ఉన్నాం, చాలు. విరుచు."

"నా చేతులు చూడండి మేస్టారూ, ఎలాగున్నాయో."

"రోజూ నా ఒళ్ళు కడిగేవి అవే కదరా, నాకు చూపిస్తావేం?" అన్నారు మేస్టారు కొంచెం కోపంగా, క్లాసులో అన్నట్టే.

దానియేలు లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళు విన్న పెద్ద పెద్ద ప్రార్థనల్లో ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ప్రభువా, ఇది బన్ను. మేవిద్దరం ఉన్నాం. వందనాలు," అన్నాడు. విరిచాడు. ఒక ముక్క టీలో ముంచి మేస్టారి నోట్లో పెట్టాడు. ఆయన నెమ్మదిగా మింగారు. రెండోది దానియేలు తిన్నాడు. భయపడినట్టు ఏమీ కాలేదు, తియ్యగా ఉంది. మేస్టారు ఇంకో ముక్క సగం తిని చాలన్నారు.

దిండు తీసేసి పడుకోబెడితే ఆయనకి వెంటనే నిద్ర పట్టింది. మామూలుగా అయితే దానియేలు ఒంటిగంటకి డిపోకి వెళ్ళిపోవాలి. ఇవాళ వెళ్ళాలనిపించలేదు. విసనకర్రతో విసురుతూ మంచం పక్కనే నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి మేస్టారి గురక ఆగింది. చెయ్యి పట్టుకు చూశాడు, మెడ దగ్గర చూశాడు, నాడి అందలేదు. మొహంలో భయం లేదు. దానియేలు సగం తెరుచుకున్న ఆ కళ్ళు మూసి, దుప్పటి ముడతలు సరిచేసి, ఎలీసమ్మకి కబురు పెట్టాడు.

నాలుగయ్యేసరికి మందిరం వాళ్ళు వచ్చేశారు. ఎలీసమ్మ నాన్న పాదాలు పట్టుకుని ఏడుస్తోంది. మందిరం పెద్ద కండువాతో కళ్ళొత్తుకుని, "మొన్న రొట్టె తెస్తే మింగలేకపోయేరు. అంతటి మనిషి, బల్ల లేకుండానే వెళ్ళిపోయేరు పాపం," అన్నాడు.

దానియేలు గుమ్మం దగ్గరనుంచి ముందుకొచ్చాడు. "లేదండీ, తీసుకున్నారు. నేనే విరిచేనండి."

మందిరం పెద్ద తలెత్తి అతని మొహం చూశాడు, చేతులు చూశాడు. "నువ్వా?" అన్నాడు.

"ఆయ్. ఇద్దరం తీసుకున్నావండీ."

ఎలీసమ్మ ఏడుపు ఆపి అతనివైపు చూసి తలూపింది. మందిరం పెద్ద కాస్త జరిగి, మంచం పక్కన అతనికి చోటిచ్చాడు. స్టూలు మీద గ్లాసులో టీ చల్లారిపోయి మీగడ కట్టింది, అడుగున మేస్టారు మిగిల్చిన సగం ముక్క మెత్తగా నానుతోంది.