మూడో వంతులో ఆదివారాలు

చీజ్ దిమ్మ మళ్లీ ఒక పక్కనే గీరి గీరి ఏటవాలుగా తయారైంది. మాలిన్ దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, భర్త ముందు బల్ల మీద ఠక్కున పెట్టింది.

“ఏమిటిది, యోరన్? చీజా, స్కీయింగ్ కొండా?”

“ఏ పక్కనుంచి కోసినా పోయేది కడుపులోకే గదా.”

“పెళ్లయినప్పట్నుంచీ చెబుతున్నాను, పైన సమంగా గీరమని. నువ్వు మెత్తటి చోటల్లా గీరేసుకుంటావు, ఆ గట్టి అంచు నాకు మిగుల్తుంది.”

“పోన్లే అమ్మా, బయట మంచు పడకపోయినా ఇంట్లో జారుకోవచ్చు,” అంది పదిహేనేళ్ల తూవా రొట్టె నములుతూ.

“నువ్వు మాట్లాడకు. నిన్న కోసింది నువ్వే.”

విసురుగా చీజ్‌ని పక్కకి జరిపేసరికి కింద ఓ కాగితం కనిపించింది. అద్దె ఇళ్ల సంస్థవాళ్లు పంపిన ఫారం. భవనంలో నీళ్ల పైపులు కుళ్లిపోయాయి, ఎలాగూ మార్చాలి. దాంతోపాటు వంటింటికీ స్నానాల గదికీ మూడు రకాల హంగులు, చిన్నది, మధ్యది, పెద్దది. పెద్దదాంట్లో స్నానాల గది నేల వెచ్చగా ఉండేలా కింద వేడి తీగలు కూడా వేస్తారు. హంగును బట్టి అద్దె. సోమవారంలోగా ఒకదానికి ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలి.

పెద్దదాని ఎదురుగా యోరన్ అప్పుడే టిక్కు పెట్టేశాడు. వెనక పెన్సిల్‌తో లెక్క: ఇద్దరి ఆదాయం, పన్ను పోగా, నెలకి నలభై అయిదు వేల క్రోనర్లు. మూడో వంతు పదిహేను వేలు. పెద్దదాని అద్దె పద్నాలుగు వేల తొమ్మిది వందలు. దాని కింద రెండు గీతలు గీసి ‘సరిపోయింది!’ అని రాసుకున్నాడు.

ఇప్పుడు కడుతున్నది తొమ్మిది వేల ఏడు వందలు.

“నలభై అయిదు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అంది మాలిన్.

“నాది ఇరవై నాలుగు, నీది ఇరవై ఒకటి.”

“నాది పదహారున్నర.”

“ఆదివారాలతో కలిపి చెబుతున్నా.”

రెండేళ్ల కిందట కారు ఇంజిన్ పోయినప్పుడు, ఆ ఖర్చు తీరేదాకా అని ఆదివారాలు ఒప్పుకుంది మాలిన్. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి లేపడం, స్నానం చేయించడం, గంజి పెట్టడం ఆమె ఉద్యోగం. కారు ఖర్చు ఆగస్టులోనే తీరింది. ఈ క్రిస్మస్‌తో మానేస్తానని భర్తకి మూడుసార్లు చెప్పింది.

“మానేస్తానన్నాను గదా!”

“అన్నావు. కానీ రెండేళ్లుగా చేస్తూనే ఉన్నావు. నీకెలాగూ అలవాటైపోయింది.”

ఆ మాటతో మాలిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

“అలవాటా? నువ్వు పదింటిదాకా ముసుగు తన్ని పడుకుంటావే, అదీ అలవాటు! నీ కాళ్ల కింద నేల వెచ్చగా ఉండటానికి నేను ఆదివారం అయిదింటికే చలిలో బస్సు కోసం నిలబడాలా?”

“ఆదాయంలో మూడో వంతు అద్దెకి పెట్టొచ్చని అందరూ అంటారు. బ్యాంకులో అమ్మాయి కూడా అదే చెప్పింది.”

“ఎవరి చెమటలో మూడో వంతో అడిగిందా ఆ అమ్మాయి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది!”

“అరవకు. పైవాళ్లకి వినిపిస్తుంది.”

“వినిపించనీ. వాళ్లకీ ఇదే కాగితం వచ్చింది.”

యోరన్ కోటు తొడుక్కుని, సాయంత్రం మాట్లాడదామంటూ పనికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆమె కోపం చల్లబడుతుందని అతని నమ్మకం. ఎప్పుడూ అలాగే చల్లబడేది మరి.

ఆ రోజు మాలిన్ మొదటి ఇంటికి వెళ్లేముందే ఆఫీసులోకి వెళ్లి, డ్యూటీలు వేసే ఇల్వా ముందు నిలబడింది.

“జనవరి నుంచి నా పేరు ఆదివారాల్లోంచి తీసెయ్.”

“ఆలోచించుకో తల్లీ. అంత డబ్బు ఎవరొదులుకుంటారు?”

“అది డబ్బు కాదు. మా ఆయన బాత్‌రూమ్ నేల.”

ఇల్వా పెన్ను తీసి పేరు కొట్టేసింది.

శుక్రవారం కాబట్టి, ప్రతి వారంలాగే రాత్రికి టాకోలు, కరకరలాడే రొట్టె మడతల్లో ఎవరికి వాళ్లు అన్నీ నింపుకుని తినేవి. వేయించిన మాంసం, దోసకాయ ముక్కలు, మొక్కజొన్న గింజలు వేర్వేరు గిన్నెల్లో బల్ల మీదికి వచ్చాయి. యోరన్ వాటి మధ్యలో స్నానాల గది గోడ పలకల రంగుల పుస్తకం తెరిచాడు.

“పలకలు బూడిద రంగా, తెలుపా? తూవా, నువ్వు చెప్పు.”

“నన్ను మధ్యలోకి లాగకు నాన్నా. అమ్మ మొహం చూశావా?”

మాలిన్ పుస్తకం మూసి కిటికీ గట్టు మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

“జనవరి నుంచి ఆదివారాలు చెయ్యను. పొద్దున్నే చెప్పేసి వచ్చాను.”

“నన్నడక్కుండానా?”

“నా ఆదివారాల్ని అద్దెలో కలిపేటప్పుడు నువ్వు నన్నడిగావా?” ఆమె ఫారం తీసి అతని ముందుకి జరిపింది. పెద్దదాని దగ్గరి టిక్కు కొట్టేసి ఉంది. చిన్నదాని ఎదుట కొత్త టిక్కు, కింద ఆమె సంతకం. “పదివేల వంద. అద్దె ఒప్పందం ఇద్దరి పేరు మీదా ఉంది, ఇద్దరి సంతకాలూ కావాలి, నా సంతకం దీనికే. పైపులు మారిస్తే చాలు. ఇకమీద మన అద్దె నాలుగో వంతు దాటదు, ఆ లెక్కలో నా ఆదివారాలు ఉండవు.”

యోరన్ చేతిలో టాకో విరిగి, మాంసమంతా పళ్లెంలో పడింది.

“తూవా,” అంది మాలిన్, “ఆ మొక్కజొన్న ఇటివ్వు.”