అక్కయ్యకి ఉప్పాడ చీర

మా అక్కయ్య అమ్మణ్ణి నాతో మాట్లాడి అప్పటికి అయిదేళ్ళు. కాకినాడకి ఫోను చేస్తే ఎత్తేది తనే. నా గొంతు వినగానే "ఇదిగో, మీకే" అని బావగారి చేతికి ఇచ్చేస్తుంది. ఆయన పాపం మధ్యలో నలిగిపోతూ, వానలు పడ్డాయా, కరెంటు ఉంటోందా అని నాలుగు ముక్కలు అడిగి పెట్టేస్తారు. ఇంత కోపానికీ కారణం ఒక చీర. పొలం కాదు, బంగారం కాదు, ముష్టి చీర!

అమలాపురంలో మేం ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు ఆడపడుచుకి చీర పెట్టాలి కదా, పెట్టాం. బొట్టు పెట్టి, పళ్ళూ తాంబూలంతో పాటు కవరు చేతిలో పెట్టాం. తను ఇంటికి వెళ్ళి విప్పి చూసుకుంటే అది తనదే. అంతకు మూడేళ్ళ ముందు వాళ్ళమ్మాయి పెళ్ళిలో మా ఆవిడ హైమకి తను పెట్టిన చీరే. కొంగు మూల తను పెట్టిన పసుపు మరక కూడా అలాగే ఉందిట. మా బీరువాలో పెట్టుబడి చీరలు పాతిక దాకా మూలుగుతుంటాయి. ఏది ఎవరు పెట్టారో ఎవరికి గుర్తుంటుంది? హైమ పైనున్నది తీసింది, నేను అందించాను. వారం తిరక్కుండా ఆ చీర బావగారి చేతిసంచిలో మా ఇంటికి తిరిగొచ్చింది.

సరే, అలిగింది, తనే తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. ఇంతలో మా అమ్మాయి మధులత పెళ్ళి కుదిరింది. మా ఇళ్ళలో పెళ్ళికూతుర్ని చేసేనాడు తలమీద మొదటి నూనె చుక్క మేనత్త పెట్టాలి. మధులతకున్న మేనత్త ఒక్కర్తే. శుభలేఖ పట్టుకుని వెళితే అక్కయ్య గదిలోంచి బయటికే రాలేదు. "వీలు చూసుకుని వస్తాంలే రమణా" అన్నారు బావగారు నేలచూపులు చూస్తూ. మా వైపు వీలు చూసుకుని వస్తామంటే రామని చెప్పడమే. ఆ మాట ఇంట్లో చెబితే మధులత కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆవిడ దగ్గరే గడిపిన పిల్ల. "అత్తయ్య రాకపోతే ఆ నూనె ఇంకెవరి చేతా పెట్టించుకోను నాన్నా" అని కచ్చితంగా చెప్పేసింది.

అప్పుడు హైమకి ఉపాయం తోచింది. "ఈసారి మనం కొని పెట్టొద్దండి. ఆవిణ్ణే ఉప్పాడ తీసుకెళ్ళండి. ఎంతైనా ఫరవాలేదు, నచ్చింది ఆవిణ్ణే ఏరుకోమనండి. ఇంక వంక పెట్టడానికి ఏముంటుంది?" అంది. నాకూ అది బ్రహ్మాండంగా కనిపించింది. బావగారి ద్వారా కబురు పెట్టాను. వస్తానందని ఆశ్చర్యంగా జవాబొచ్చింది. సగం గెలిచేశాననుకున్నాను, ఎంత తెలివితక్కువవాణ్ణో!

ఏప్రిల్ నెల, మండిపోయే ఎండ. చంద్రరావు అంబాసిడరు మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరాను. యానాం వంతెన దిగగానే "ఒక్క అయిదు నిమిషాలు ఆపనాండి?" అన్నాడు. యానాంలో మందు చవక. ఆపితే తను అక్కడే ఉండిపోతాడనీ, కారు నేను తోసుకుపోవాల్సొస్తుందనీ చెప్పి పోనిమ్మన్నాను. కాకినాడలో అక్కయ్య సిద్ధంగానే ఉంది. వెనక సీట్లో కూర్చుంది. నేను ముందుకి మారాను. కారు కదిలాక "చంద్రరావూ, ఆ పక్కన కూర్చున్న ఆయన్ని అద్దం కొంచెం దించమను" అంది. ఆ పక్కన కూర్చున్న ఆయన దించాడు.

ఉప్పాడ దగ్గర రోడ్డుని సముద్రం సగం కొరుక్కుతినేసింది. మిగిలిన సగం మీద బండరాళ్ళు పోసి ఉన్నాయి. సాలెవీధిలోకి కారు పట్టదంటే దిగి నడిచాం. అక్కడ ప్రతి ఇల్లూ కొట్టే. ముందు గదిలో తెల్లదుప్పటి పరిచి చీరలు, వెనక గదిలో మగ్గం చప్పుడు, పక్క సందులోంచి ఎండుచేపల వాసన. బోర్డులు లేవు. గుమ్మంలో నిలబడ్డ మనిషే బోర్డు. "రండమ్మా, రండి బాబూ, మనది సొంత మగ్గమండి, ఆ ఎదురుగా ఉన్నాయన దగ్గర మరమగ్గం సరుకండి" అని ప్రతివాడూ ఎదుటివాడి గురించి చెప్పేవాడే.

మొదటి కొట్టు ముసలయ్య అనే ఆయనది. కొబ్బరిబొండాలు తెప్పించి పన్నెండు చీరలు పరిచాడు. రెండు వైపులా ఒకేలా ఉండే జాంధానీ నేత, దారం పోగు ఎక్కడా వేలాడదు. నాలాంటి వాడికి కూడా ముచ్చటేసింది. అక్కయ్య ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూసి, ముసలయ్యతో, "ఏది బాగుందో ఆయన్నడగండి" అంది.

"నాకేం తెలుసు అక్కయ్యా! నీ ఇష్టం. నీకేది కావాలంటే అది" అన్నాను, ఉదారంగా.

అక్కయ్య మొహం ముడుచుకుంది. "అంచు మరీ పెద్దదండి" అని లేచింది.

రెండో కొట్టు చిట్టియ్యది. నేరేడుపండు రంగు చీర ఒకటి అక్కయ్య ఒళ్ళో చాలాసేపు పెట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. జేబులో చెయ్యి కూడా పెట్టాను. "ఆయన్నడగండి, ఎలా ఉందో" అంది మళ్ళీ. "బాగానే ఉంది. నీకు నచ్చితే నాకు నచ్చినట్టే" అన్నాను. చీర మడతపెట్టి పక్కనపెట్టేసింది. "బుటాలు రొయ్యపిల్లల్లా ఉన్నాయి" అంది. మామిడిపిందెలండీ అవి అని చిట్టియ్య మొత్తుకున్నా వినిపించుకోలేదు.

మూడో కొట్లో రంగు దిగుతుందేమోనంది. నాలుగో కొట్లో ఇలాంటిది ఉందంది. అయిదో కొట్లో ఖరీదు ఎక్కువంది. "ఖరీదు సంగతి నీకెందుకు?" అని నేను అనగానే, "ఖరీదు సంగతి నాకెందుకంటున్నారు చూడండి" అని కొట్టతనికి ఫిర్యాదు చేసింది. నా పరిస్థితి ఏమని చెప్పను! కొట్టంతా విప్పించి ఊరికే లేచి రావడానికి మొహమాటమేసి ప్రతిచోటా రెండేసి తువ్వాళ్ళు కొంటూ వచ్చాను. మధ్యాహ్నం ఆరో కొట్టు దాటేసరికి నా సంచిలో పన్నెండు తువ్వాళ్ళు చేరాయి. చెప్పులనిండా ఇసక. నడినెత్తిన ఎండ. హైమ గంటకోసారి సెల్లుకి ఫోను చేసి "కుదిరిందాండీ?" అని అడుగుతోంది. మూడోసారి సెల్లు కట్టేశాను.

ఏడో కొట్టుకి నా ఓపిక అయిపోయింది. అక్కడ గంధం రంగు చీర, సన్న అంచు, వేలెత్తి చూపడానికి వీల్లేదు. అక్కయ్య దాన్ని వెలుతురులో తిప్పి చూసి "ఆయన్నడ..." అంటుండగానే నేను లేచి బయటికొచ్చేశాను. వీధి చివర రాళ్ళ దాకా పోయి నిలబడ్డాను. కాసేపటికి తను కూడా వచ్చింది, ఉత్త చేతులతో.

"నీకేం కావాలో చెప్పు!" అని అరిచాను. అవతల అలల హోరు, అరవకపోతే వినపడదు. నిజానికి వినపడినా అరిచేవాణ్ణే. "పొద్దున్నించీ ఏడు కొట్లు తిరిగాం. ఏదైనా ఏరుకోమన్నాను. ఖరీదు చూడొద్దన్నాను. ఇంకేం చెయ్యాలి? నీ కాళ్ళు పట్టుకోవాలా? అక్కడ నా కూతురు ఏడుస్తోంది. నామీద కోపం దానిమీద చూపిస్తావా?"

అయిదేళ్ళలో మొదటిసారి అక్కయ్య నా మొహంలోకి చూసింది.

"నన్నెవరు ఏరుకోమన్నార్రా?" అంది. "చీరలు ఏరుకోవడానికి నాకు ఉప్పాడ దారి తెలీదా? మీ బావగారి పెన్షన్లో చీర రాదా? అప్పుడేదో నా చీర నాకే తిరిగొచ్చిందని ఏడుస్తున్నాననుకుంటున్నావా ఇన్నాళ్ళూ? పెట్టుబడి చీరలు తిరుగుతూనే ఉంటాయి. నేను తిప్పలేదా? కానీ ఒక్కసారి విప్పి చూశావుట్రా? ఉన్నది ఒక్కగానొక్క అక్క, దానికి ఏం పెడుతున్నామో చూద్దామని మడత విప్పుంటే ఆ పసుపు మరక కనపడేది కదరా. మీ ఆవిడ తీసింది, నువ్వు అందించావు. అంతే. ఇప్పుడూ అంతే. అప్పుడు బీరువా, ఇప్పుడు కొట్టు. ఏడుచోట్ల అడిగించాను నీకేది బాగుందని. ఒక్కదాని మీద చెయ్యి వేశావా? పుట్టింటి చీర ఎవరైనా ఏరుకుంటారుట్రా?"

ఇదా సంగతి! ఈ ముక్క మొదటి కొట్లోనే చెప్పుంటే నాకు పన్నెండు తువ్వాళ్ళు తప్పేవి కదా అని ఒళ్ళు మండింది. అలా అడిగి పెట్టించుకుంటే ఇంక అందులో ఏముందని వెంటనే నాకే తోచింది. ఒళ్ళుమంట, సిగ్గు రెండూ కలిసి ఎటు పోవాలో తెలియక, ఎదురుగా కనిపించిన కొట్లోకి ఒక్కణ్ణే దూరాను.

అది బేబి అనే ఆవిడ కొట్టు. "ఎవరికండి?" అంది.

"మా అక్కయ్యకి."

"ఆవిడ ఏ రంగులు కడతారండి?"

పొద్దున్నించీ ఆవిడ వెనకాలే తిరుగుతున్నాను. పైగా ఆవిడ చేతుల్లో పెరిగిన వాణ్ణి. ఏ రంగులు కడుతుందో మాట అటుంచి, ఇప్పుడు ఒంటిమీదున్న చీర ఏ రంగో కూడా చెప్పలేను. గుమ్మంలోంచి తొంగి చూశాను. అక్కయ్య ఎండకి కొంగు తలమీదికి లాక్కుని రాళ్ళ పక్కన నిలబడి ఉంది. పొగాకు రంగు చీర. బాగా పొట్టిగా కనిపించింది. మా అందరికంటే పొడుగ్గా ఉండే మనిషి, ఎప్పుడు ఇలా కుంచించుకుపోయిందో నేను చూడలేదు.

"అంచు సన్నగా ఉండాలండి, పొట్టి మనిషి" అన్నాను బేబితో. ఆ మాట ఒక్కటే నేను సొంతంగా చెప్పగలిగింది.

ఆ తర్వాత గంట సేపు ఆవిడకి నరకం చూపించాను. చీర మడత మీదే చూపిస్తే ఒప్పుకోలేదు, ప్రతిదీ ఆరు గజాలూ విప్పించాను. కొంగు చూశాను, మూలలు చూశాను, బోర్లా తిప్పి చూశాను. నాకు రంగుల పేర్లు రావు, అది కాదు ఇది, ఇది కాదు ఆ కిందది అంటూ అటకమీదవి కూడా దింపించాను. "ఆడవాళ్ళయినా ఇంత విసిగించరండి బాబుగారూ" అంది చివరికి బేబి, చెమట తుడుచుకుంటూ. నేనేం చెయ్యను? ఇది ఎలా ఉంటుందోనని ఒక్కొక్క చీర ముందూ నాకు భయమేసింది. పెళ్ళిచూపులప్పుడు కూడా అంత భయపడలేదు. ఎట్టకేలకి ఒకటి తీసుకుని, కవరు వద్దని, చేతిలోనే పట్టుకుని బయటికొచ్చాను.

అక్కయ్య దాన్ని చూడలేదు, నన్ను చూసింది.

"నువ్వే చూశావా?"

"నేనే."

"హైమకి ఫోను చేసి అడిగావా?"

"సెల్లు కట్టేశాను."

అప్పుడు అందుకుంది. మడత విప్పి వెలుతురుకి పట్టుకుంది. సముద్రం గాలికి చీర ఎగిరి నా మొహానికి తగిలింది.

"చిలకపచ్చేమిట్రా!" అంది. "యాభై ఎనిమిదేళ్ళ దాన్ని. ఇది కట్టుకుని పీటల దగ్గర తిరిగితే జనం నవ్వరూ? ఇంత కొట్టులో నీకు ఇదే కనపడిందా?"

నాకు తల తిరిగిపోయింది. గంట సేపటి కష్టం! "ఇలా ఇయ్యి, మార్చి తెస్తాను" అని చెయ్యి చాచాను. ఆ చేతిమీద ఫట్‌మని ఒకటి వేసింది.

"మార్చడమేమిటి? ముట్టుకున్నావంటే ఊరుకోను" అని చీర మడిచి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. కారు ఈ చివర ఉంటే తను వీధిలోకి వెనక్కి పోతోంది. "అక్కయ్యా, ఇటు" అంటున్నా వినదే! నేరుగా ముసలయ్య కొట్టు గుమ్మం ఎక్కింది.

"చూశారా అండీ, ఇంత ఊరూ తిరిగి మా తమ్ముడు ఏం రంగు తెచ్చాడో!"

ముసలయ్య దాన్ని చూశాడు, నన్ను చూశాడు. పొద్దున్న పన్నెండు చీరలు పరిచిన మనిషి, పైగా చీర ఇంకో కొట్టుది. ఆయన మొహం చూడలేక నేను మగ్గం వైపు చూశాను. "బాగుందండి" అన్నాడు, మర్యాదకి. అక్కడినుంచి పక్క కొట్టు, ఆ పక్క కొట్టు. ప్రతిచోటా చీర విప్పడం, రంగు మీద నన్ను తిట్టడం, వాళ్ళు బాగుందండీ అనేదాకా కదలకపోవడం. ఎండలో ఆవిడ వెనక నేను. మనుషుల ముందు ఇంత తలవంపు నేనెన్నడూ ఎరగను.

చిట్టియ్య కొట్లో ఆయన భార్య చీర చేతిలోకి తీసుకుని "ఏం శుభకార్యమండీ?" అని అడిగింది.

"మా మేనకోడలి పెళ్ళండి" అంది అక్కయ్య అరుగుమీద చతికిలబడి, మంచినీళ్ళు పుచ్చుకుంటూ. "పెళ్ళికూతుర్ని చేసేనాడు మొదటి నూనె నేనే పెట్టాలి. నాలుగు రోజులు ముందే వెళ్ళాలండి. అక్కడ వీళ్ళకి ఏం తెలిసి ఏడిచింది గనక!"

గుమ్మం బయట నిలబడ్డ నాకు కళ్ళు చెమర్చాయి. చెమట తుడుచుకున్నట్టు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆ నిలబడ్డం ఏమిట్రా?" అంది అక్కయ్య లేస్తూ. "ఇంకా మూడు కొట్లున్నాయి, పద."